కేసింగ్ చుట్టూ మిగిలే సందు: తాగునీటి బోరు వెనక చరిత్ర

బోరు వేస్తున్నప్పుడు చుట్టూ నిలబడ్డవాళ్లందరి ధ్యాసా ఒక్కటే, నీళ్లు ఎప్పుడు పడతాయా అని. ముందు పొడి దుమ్ము లేస్తుంది. కాసేపటికి దాని రంగు మారుతుంది, తర్వాత తడి మట్టి ముద్దలుగా పైకొస్తుంది, ఉన్నట్టుండి గాలి ఒత్తిడికి నీళ్లు ఎగజిమ్ముతాయి. దాంతో అందరి టెన్షన్ తీరిపోతుంది. కానీ ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయా లేదా అన్నది చాలావరకు అందరూ చూడని మరో పని మీద ఆధారపడి ఉంటుంది.

పైనున్న మెత్తటి మట్టి కూలకుండా కేసింగ్ పైపు దించుతారు. తవ్విన రంధ్రం పైపు కంటే కాస్త వెడల్పుగా ఉంటుంది కాబట్టి పైపుకీ నేలకీ మధ్య చుట్టూతా సన్నని సందు మిగులుతుంది. దాన్ని పలచగా కలిపిన సిమెంటుతోనో, తడిస్తే ఉబ్బే బెంటొనైట్ బంకమట్టితోనో కింది నుంచి పైదాకా నింపాలి. మామూలుగా వాన నీరు మట్టిలోంచీ ఇసుకలోంచీ మెల్లగా ఇంకుతూ దిగుతుంది. ఆ ప్రయాణంలోనే చాలా సూక్ష్మజీవులు వడకట్టుకుపోతాయి, చచ్చిపోతాయి. సందు నింపకుండా నాలుగు పారల మట్టి కప్పేసి వదిలేస్తే, నేల మీది మురికికి ఈ వడపోత ఏదీ లేని అడ్డదారి దొరికినట్టే. పైపు వెంటే జారి నేరుగా జలపొరలోకి వెళ్తుంది.

ఈ కేసింగ్ ఆలోచన చాలా పాతది. 11వ శతాబ్దంలో చైనాలోని సిచువాన్‌లో ఉప్పునీటి కోసం బోర్లు వేసేవాళ్లు. మీట లాంటి పొడవాటి దుంగకి బరువైన ఇనుప ఉలి కట్టి, మనుషులు దుంగ మీదికి ఎక్కుతూ దిగుతూ ఉంటే ఉలి లేచి పడుతూ రాయిని పిండి చేసేది. పైన గిన్నె మూతంత వెడల్పు, కింద ఎంతో లోతు. కణుపులు తొలిచేసిన వెదురు బొంగుల్ని ఒకదానిలో ఒకటి బిగించి అందులోకి దించేవాళ్లు. పై పొరల్లోని మంచినీళ్లు కింది ఉప్పునీటిలో కలిసి దాన్ని పలచన చేయకుండా! అక్కడ పైనీటి నుంచి ఉప్పుని కాపాడిన గొట్టమే ఇవాళ పైనీటి నుంచి మన తాగునీటిని కాపాడుతోంది. ఇదే పద్ధతిలో 1835 నాటికి అక్కడి ఒక బోరు వెయ్యి మీటర్లు దాటింది. యూరప్‌లో లోతు బోర్లకి పేరొచ్చింది ఫ్రాన్స్‌లోని ఆర్త్వా ప్రాంతం వల్ల. నీళ్లు వాటంతటవే పైకి ఉబికే బోరుని ఆర్టీసియన్ బావి అనడం అక్కడి నుంచే మొదలైంది. పారిస్‌లోని గ్రెనెల్‌లో 1833లో మొదలుపెట్టిన బోరులో 1841 ఫిబ్రవరిలో, 548 మీటర్ల దగ్గర నీళ్లు పడ్డాయి.

అయితే అప్పటికీ ఎక్కువమంది తాగుతున్నది తక్కువ లోతున్న తవ్వుడు బావుల నీళ్లే. తేటగా, చల్లగా, రుచిగా ఉంటే మంచి నీళ్లనే లెక్క. ఆ లెక్క ఎంత తప్పో 1854లో లండన్‌లో తేలింది. ఆగస్టు చివర బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా విరుచుకుపడి 600 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లు ఏ నీళ్లు తాగారో ఇల్లిల్లూ తిరిగి ఆరా తీసిన డాక్టర్ జాన్ స్నో ఆ వీధి పంపుని అనుమానించి, సెప్టెంబరు 8న దాని పిడి తీయించాడు. ఆ నీటి రుచి నచ్చి, దూరంగా హామ్‌స్టెడ్‌లో ఉంటూ కూడా రోజూ తెప్పించుకున్న ఒక వృద్ధురాలు కలరాతో చనిపోయింది. స్నో కూడా ఆ నీటిని పట్టి చూసి, ఇందులో పెద్దగా మలినం కనబడలేదే అని తటపటాయించాడు. తర్వాత బావిని తెరిచి లోపలి ఇటుక గోడ పరీక్షిస్తే ఎక్కడా కన్నం కనిపించలేదు.

అసలు సంగతి 1855 ఏప్రిల్‌లో బయటి నుంచి తవ్వినప్పుడు బయటపడింది. బావికి మూడడుగుల దూరం కూడా లేని చోట ఒక ఇంటి మురుగుగుంత ఉంది. దాని ఇటుకలు వదులైపోయాయి, మధ్యనున్న మట్టి నానిపోయి ఉంది. ఆ ఇంట్లో జబ్బుపడిన పసిపాప గుడ్డలు ఉతికిన నీళ్లు ఆ గుంతలోకే పోశారు. ఈ పాప సంగతి పట్టుకున్నది అక్కడి చర్చి మతగురువు హెన్రీ వైట్‌హెడ్. స్నో వాదన తప్పని నిరూపిద్దామని బయల్దేరి, చివరికి దానికి గట్టి రుజువు తెచ్చిపెట్టాడు.

మరుగుదొడ్డి గుంత నుంచి బావి ఎంత దూరం ఉండాలన్న నిబంధనల వెనక ఇలాంటి చావులున్నాయి. ఆ దూరం ఒక్కో దేశంలో ఒక్కో రకం. 15 మీటర్లు చాలంటారు కొందరు, 30 కావాలంటారు ఇంకొందరు. బండల్లో పగుళ్లున్న చోట 30 కూడా చాలకపోవచ్చు, ఎందుకంటే పగులు దేన్నీ వడకట్టదు. కేసింగ్ నేలకి అడుగు ఎత్తున పైకి ఉండాలి, దానికి బిగుతైన మూత, చుట్టూ నీళ్లు బయటికి వాలేలా సిమెంటు గచ్చు ఉండాలి. గచ్చులో వెంట్రుకంత చీలిక కనిపించినా పూడ్చాలి.

20వ శతాబ్దంలో పెద్ద కంప్రెసర్లు, రంధ్రం అడుగునే రాయిని కొట్టే సుత్తి వచ్చాక ఏళ్ల పని రోజుల్లోకి దిగింది. ఈ వేగమే ఒక ఇబ్బంది తెచ్చిపెట్టింది. తవ్వకం గంటల్లో అయిపోతే, సందులో పోసిన సిమెంటు గట్టిపడేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. పూర్తయ్యాక పైకి కనబడని పని కూడా కదా. ఎన్ని అడుగుల బోరు అని అడిగేవాళ్లే అందరూ. కేసింగ్ ఎంత లోతు దించారు, సందు దేంతో నింపారు అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న అని నేను గట్టిగా నమ్ముతాను.

కెనడాలోని వాకర్టన్ పట్టణంలో జరిగింది చూడండి. అక్కడి 5వ నంబరు బోరుకి కేసింగ్ ఐదు మీటర్లే. దాని కిందే, ఎనిమిది మీటర్ల లోపే, పగుళ్ల బండలోంచి నీళ్లు వచ్చేవి. 2000 మే నెలలో రోజుల తరబడి కురిసిన వానకి దగ్గరి పొలంలోని పశువుల పేడ ఎరువు నుంచి ఈ.కోలై, క్యాంపిలోబ్యాక్టర్ క్రిములు బోరులోకి చేరాయి. ఐదు వేల లోపు జనాభాలో సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. రోజూ చూడాల్సిన క్లోరిన్ మోతాదుని చూడకుండానే పుస్తకంలో అంకెలు రాసేవాళ్లని విచారణలో బయటపడింది. రైతు తప్పేమీ లేదని కూడా అదే విచారణ తేల్చింది.

బోరులో క్రిములు కనబడితే చేసే శుద్ధి పెద్ద కష్టమైనది కాదు. బోరులో నిలిచిన నీటి కొలతని బట్టి క్లోరిన్ కలిపిన నీళ్లు పోస్తారు. లీటరుకి 50 నుంచి 100 మిల్లీగ్రాముల మోతాదులో రాత్రంతా ఉంచి, మర్నాడు వాసన పోయేదాకా పంపు నడిపి పారబోస్తారు. అంతవరకూ ఆ నీళ్లు తాగకూడదు. కొన్ని రోజులాగి పరీక్ష చేయించాలి, 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ.కోలై కూడా ఉండకూడదు. వారాల్లోనే మళ్లీ వస్తోందంటే మురికి దారి తెరిచే ఉందని అర్థం, ఎంత క్లోరిన్ పోసినా అది మూసుకోదు.

క్లోరిన్‌కి లొంగనివీ ఉన్నాయి. బావి నీళ్లలోని నైట్రేట్ వల్ల పసిపిల్లల ఒళ్లు నీలంగా మారుతోందని 1945లో అమెరికాలో ఒక వైద్యుడు గుర్తించాడు. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ముందు పళ్లకి గారపడుతుంది, మరీ ఎక్కువైతే ఎముకలు దెబ్బతింటాయి. అన్నిటికంటే బాధాకరమైన కథ బంగ్లాదేశ్‌ది. చెరువుల, కుంటల నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి యునిసెఫ్ సాయంతో అక్కడ లక్షల కొద్దీ చేతిపంపులు వేశారు. క్రిముల బెడద నుంచి కాపాడే నీళ్లే అవి. కానీ హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రుమట్టిలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉంది. గాలి తగలని పొరల్లో అది మెల్లగా నీటిలోకి కరుగుతుంది. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. దాని కోసం పరీక్షించే అలవాటూ అప్పట్లో లేదు. చర్మం మీద మచ్చలు, అరచేతుల్లో గట్టి బుడిపెలు బయటపడేసరికి ఏళ్లు గడిచిపోయాయి. 1993లో బావుల్లో ఆర్సెనిక్ ఉందని అక్కడ ఖాయమైంది.

2000 తర్వాత కొన్నేళ్లలో సుమారు 50 లక్షల పంపుల నీళ్లు పరీక్షించారు. ఆ దేశపు హద్దు లీటరుకి 50 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 10. హద్దు దాటిన 14 లక్షల పంపులకి ఎర్ర రంగు, మిగతావాటికి ఆకుపచ్చ రంగు వేశారు. ఒకే పల్లెలో, కొన్ని అడుగుల ఎడంలోనే ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. ఎర్ర పంపు నీళ్లతో బట్టలు ఉతుక్కుని, తాగడానికి ఆకుపచ్చ పంపు దాకా బిందె పట్టుకుని నడిచారు. ఎండకీ వానకీ ఆ రంగులు వెలిసిపోయాయి. ఆ తర్వాత జనం సొంత డబ్బులతో వేయించుకున్న కొత్త బోర్లలో చాలావాటికి అసలు ఏ రంగూ పడలేదు.