సీతాఫలం, పనస ఒకే కోవకు రావు: ఫలాలపై అపోహలు, వాస్తవాలు

వృక్షశాస్త్రం చెబుతున్నన్నాళ్లూ ఈ తప్పు చూస్తూనే ఉన్నాను. పేపర్లు దిద్దుతుంటే సీతాఫలం పక్కన ‘సంయుక్త ఫలం’ (చాలా పువ్వులు కలిసి ఒక్క కాయగా మారినది) అని రాసి ఉంటుంది. ఎందుకలా రాశారంటే "పైన గడులు గడులుగా ఉంది కదా మేడమ్, పనసలాగే" అంటారు.

అపోహ: పైకి ముక్కలుగా కనిపిస్తే సంయుక్త ఫలం.

వాస్తవం: కాయ పైభాగం చూసి తేల్చకూడదు, అది ఒక పువ్వు నుంచి వచ్చిందా, చాలా పువ్వుల నుంచి వచ్చిందా అన్నది చూడాలి. ఒక్క సీతాఫలం పువ్వు తెచ్చి, మందపాటి రేకలు మూడూ తీసేసి, మధ్యలోని బుడిపెను లెన్స్ కింద పెట్టండి. చుట్టూ కేసరాలు కిక్కిరిసి ఉంటాయి, నడిమధ్యలో విడివిడిగా బోలెడు ఫలదళాలు, అంటే పువ్వులో కాయగా ఎదిగే భాగాలు. పండు మీద మనం చూసే ఒక్కో కన్ను ఒక్కో ఫలదళమే. పువ్వు ఒకటే, ఫలదళాలు విడివిడిగా చాలా ఉన్నాయి, కాబట్టి సంకలిత ఫలం. పనస కాయలో పుష్పవిన్యాసం, అంటే పూలగుత్తి మొత్తం ఉంది, పైన ఒక్కో ముల్లు ఒక్కో పువ్వు. తినే తొన ఫలదీకరణ జరిగిన పువ్వు పరిపత్రం (పువ్వు చుట్టూ ఉండే రేకల పొర), తొనల మధ్య పీచు ఫలదీకరణ జరగని పువ్వులది. అందుకే అది సంయుక్త ఫలం.

అసలు చిక్కు మాటలో ఉంది. ‘సంయుక్త’ అని ఫలదళాలకూ వాడతాం, ఫలానికీ వాడతాం. టమాటాలో ఫలదళాలు సంయుక్తం, అంటే ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి, పండు మాత్రం సరళ ఫలం, ఒక పువ్వులోని ఒకే అండాశయం నుంచి వచ్చింది. ఒక అమ్మాయి ఫలాల రకాల పట్టికంతా గడగడా అప్పజెప్పేది, పరీక్షలో సరిగ్గా ఇక్కడే మార్కులు పోయి ఏడ్చేసింది. ల్యాబ్‌కి తీసుకెళ్లి సీతాఫలం పువ్వు చూపిస్తే లెన్స్ మీంచి తల ఎత్తకుండా "ఇవన్నీ ఒక్క పువ్వులోవేనా?" అంది. మళ్లీ ఎప్పుడూ తప్పు రాయలేదు. తప్పు రాసిన పిల్లలు మొద్దులు కారు, వాళ్లకు ఎవరూ పువ్వు కోసి చూపించలేదు, అంతే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వేరుశనగ పేరులోనే వేరు ఉంది కానీ అది వేరు కాదు, పువ్వు నేల పైనే పూస్తుంది, ఫలదీకరణ అయ్యాక పువ్వు అడుగు నుంచి ఊడలాంటి కాడ మట్టిలోకి దిగి, దాని కొన కాయ అవుతుంది. టమాటా కూరగాయేనని 1893లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన మాట నిజమే, అది దిగుమతి సుంకం గొడవ. వృక్షశాస్త్రంలో మనకు అది మృదుఫలం, అంటే లోపలంతా కండ ఉండే పండు.

ఇక గింజల్లేని పండ్ల మీద వచ్చే పుకార్లు వింటే ఒళ్లు మండుతుంది. ఇంజెక్షన్ చేసి గింజలు తీసేస్తారట! అరటిలో ఫలదీకరణ లేకుండానే కాయ ఎదుగుతుంది, అడ్డంగా కోస్తే కనిపించే నల్ల చుక్కలు ఎదగని అండాలు, అంటే గింజలు కావలసినవి. గింజల్లేని ద్రాక్ష రకాల్లో చాలావాటికి ఫలదీకరణ జరుగుతుంది, గింజ మాత్రం మొదట్లోనే ఎదుగుదల ఆగిపోతుంది. పిల్లలకు పెట్టొచ్చా అని టెన్షన్‌తో అడిగే తల్లులకు నేను చెప్పేది ఒకటే: గింజ లేకపోవడం ఆ రకం స్వభావం, ఆ ఒక్క కారణంతో భయపడకండి, కడిగి పెట్టండి.