200డి మార్క్ 2నా, డి5600నా? బడ్జెట్ డీఎస్ఎల్ఆర్ మీద తిరిగే అపోహలు, అసలు సంగతులు

పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు తీసేవాణ్ణి కాబట్టి ముహూర్తాలు మొదలయ్యే ముందు నాకు వచ్చే మెసేజ్ దాదాపు ఒకటే. "అన్నా 35 వేలు ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ 200డి మార్క్ 2 తీస్కోనా, నికాన్ డి5600 తీస్కోనా?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. కెమెరా అయ్యాక రెండోది ఏం కొంటావ్ తమ్ముడూ, 50ఎంఎం లెన్సా, ఫ్లాషా, మైకా? అది చెప్తే బాడీ, అంటే లెన్స్ లేని ఉత్త కెమెరా, ఏదో దానంతట అదే తేలిపోద్ది. ఎందుకంటే విడిగా బాడీలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఏపీఎస్-సీ అనే చిన్న సైజు సెన్సారే, రెండూ 24 మెగాపిక్సెల్, రెండూ సెకనుకి 5 ఫొటోలు, రెండిటికీ స్క్రీన్ తిరుగుద్ది, టచ్ కూడా ఉంది. అసలు తేడా వాటికి ఏదైనా తగిలించినప్పుడే బయటపడుద్ది, షాపువాడు మాత్రం ఆ ముక్క చెప్పడు.

అపోహ: మెగాపిక్సెల్స్ ఎక్కువుంటే ఫొటో క్లియర్‌గా వస్తది

24 మెగాపిక్సెల్ అంటే 6000 బై 4000 పిక్సెళ్లు. మన పెళ్లి ఆల్బమ్ షీటు 12 బై 36 అంగుళాలు, అందులో సగం నిండా ఒకే ఫొటో పరిచినా 12 బై 18, దానికి 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, కావాల్సింది 5400 బై 3600. ఇంకా మిగులుద్ది. ఫ్లెక్సీ అంటారా, దాన్ని రోడ్డు అవతల నుంచి చూస్తారు, అక్కడ అంత కూడా అక్కర్లేదు. దీని గురించి ఇంతకన్నా మాట్లాడేది ఏం లేదు.

అపోహ: మనుషులకి కెనాన్, సీనరీలకి నికాన్

ఈ మాట నేను ఫీల్డ్‌లోకి రాకముందు నుంచీ ఉంది, నేను మానేశాక కూడా ఉంటది. కెమెరా నుంచి నేరుగా వచ్చే జేపెగ్‌లో రంగుల్లో కాస్త తేడా ఉన్నమాట నిజమే, రా ఫైల్, అంటే కెమెరా ఏమీ దిద్దకుండా ఇచ్చే ఫైల్, తీసి సాఫ్ట్‌వేర్‌లో దిద్దుకునేవాళ్లకి అది పెద్ద లెక్కలోకి రాదు. మొహం రంగు చెడగొట్టేది లైటు. మంగళస్నానం దగ్గర చూడండి, పైన పసుపు షామియానా, గుడ్డలోంచి ఎండ దిగి అందరి మొహాలూ పసుపు, పెళ్లికూతురికి రాసిన నలుగు ఎలాగూ పసుపే, ఇక రంగుల్ని కెమెరానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్‌కి ఏది నిజం పసుపో ఏది గుడ్డ పసుపో ఏం తెలుస్తది? ఆ కెమెరా అయినా ఈ కెమెరా అయినా అక్కడ బోల్తా పడాల్సిందే. నేను చేసేది పంతులుగారి తెల్ల పంచె మీద, పసుపు మరక లేని చోట చూసుకుని, కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకోవడం. అర నిమిషం పని.

ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి, రా ఫైల్‌లో నీడల్ని బాగా పైకి లేపితే డి5600లో మచ్చలు కాస్త తక్కువ వస్తాయి. మండపం లోపల చీకటి, వెనక ఎండ, అలాంటి చోట అది పనికొస్తది.

అపోహ: నికాన్ కెమెరాకి నికాన్ లెన్స్ ఏదైనా పర్లేదు

డబ్బులు ఎక్కువగా పోయేది ఇక్కడే, అందుకే కొంచెం నిదానంగా చదవండి. డి5600 బాడీలో ఫోకస్ మోటార్ లేదు. డి3500లో కూడా లేదు, డి7000 వరసలో ఉంటది. నికాన్ 50ఎంఎం ఎఫ్/1.8లో రెండు రకాలున్నాయి, పేరు చివర డి ఉన్నది, జి ఉన్నది. డి లెన్స్ చవగ్గా దొరుకుద్ది, చూడ్డానికి ముద్దుగా ఉంటది, డి5600కి బిగించుకుంటది, ఫొటో కూడా తీస్తది, ఆటోఫోకస్ మాత్రం రాదు, రింగు తిప్పుకుంటూ కూర్చోవాలి. పరిగెత్తే పిల్లాడి ఫొటో అలా తీయండి చూద్దాం. కాబట్టి మీకు కావాల్సింది జి, దాని రేటు కెనాన్ 50 ఎస్టీఎం కన్నా బాగానే ఎక్కువ. కెనాన్‌లో ఈ గొడవ లేదు, 1987లో ఈఎఫ్ మౌంట్ (లెన్స్ బిగించే పద్ధతి) తెచ్చినప్పుడే మోటార్‌ని లెన్స్‌లోనే పెట్టేశారు, ఎంత పాత ఈఎఫ్ ఆటోఫోకస్ లెన్స్ తెచ్చి తగిలించినా ఫోకస్ అవుద్ది. బాడీలో రెండు మూడు వేలు మిగిలాయని నికాన్ తీసుకున్నవాళ్లు 50 దగ్గర అంతకు మించి కక్కాల్సి వస్తది.

ఇంకోటి, అందరూ 50 50 అంటారు గానీ ఈ చిన్న సెన్సార్ మీద అది కెనాన్‌లో 80 లాగా, నికాన్‌లో 75 లాగా కనిపిస్తది. రెండు గదుల ఇంట్లో బారసాల అయితే గోడకి ఆనుకున్నా ఉయ్యాల, అమ్మమ్మ, మేనత్త అందరూ ఫ్రేమ్‌లో పట్టరు. ఇంట్లో ఫంక్షన్లకి నికాన్‌లో 35ఎంఎం ఎఫ్/1.8 జి డీఎక్స్, కెనాన్‌లో 24ఎంఎం ఎఫ్/2.8 ఎస్టీఎం, ఇవి చూస్కోండి. తక్కువ వెలుతురులో ఆ నికాన్ 35 ముందు కెనాన్ 24 తేలిపోద్ది, అది 1.8, ఇది 2.8, ఆ నంబర్ ఎంత తక్కువుంటే లోపలికి అంత ఎక్కువ వెలుతురు. సో లెన్స్ విషయంలో ఎవరు గెలిచారంటే మీరు ఏ లెన్స్ కొంటున్నారో అదే చెప్తది.

అపోహ: పైన హాట్ షూ ఉంటే ఏ ఫ్లాష్ అయినా పేలుద్ది

ఈ పోస్టులో ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు. కెమెరా పైన ఫ్లాష్ దూర్చే చోట చూడండి, మధ్యలో పెద్ద గుండ్రటి చుక్క, చుట్టుపక్కల చిన్న చుక్కలు ఉంటాయి. ఏ కంపెనీ ఫ్లాష్‌కైనా పేలమని చెప్పేది ఆ మధ్య చుక్కే. 200డి మార్క్ 2లో కెనాన్ దాన్ని తీసేసింది. 1500డి, 3000డిలో కూడా లేదు. విచిత్రం ఏంటంటే 2017లో వచ్చిన మామూలు 200డిలో ఉంది, పాత 1300డిలో ఉంది. దానివల్ల పాత స్టూడియోవాళ్లు అమ్మేసే మాన్యువల్ ఫ్లాషులు, దూరంలో ఉన్న ఫ్లాష్‌ని పేల్చే చవక సింగిల్ పిన్ ట్రిగ్గర్లు, వాటితో వెలిగే అంబ్రెల్లా లైట్లు, ఇవేవీ 200డి మార్క్ 2 మీద నేరుగా పని చెయ్యవు. కెనాన్ కోసమే చేసిన టీటీఎల్ (వెలుగు ఎంత కావాలో కెమెరానే లెక్కేసే రకం) ఫ్లాష్, టీటీఎల్ ట్రిగ్గర్ కావాలి, అది కూడా షాపులో మీ బాడీకే బిగించి పేల్చి చూశాకే డబ్బులివ్వండి. డి5600లో ఆ చుక్క ఉంది, రెండు వేల ఫ్లాష్ పెట్టినా టపీమని పేలుద్ది. రెండోది ఫ్లాష్ కొంటానన్న ప్రతి తమ్ముడికీ నేను నికానే చెప్తా, ఇంక ఆలోచన లేదు.

స్టేజి మీద కూచిపూడి లాంటివి వ్యూఫైండర్‌లోంచి తీసేవాళ్లకి కూడా అదే మాట, డి5600లో 39 ఫోకస్ పాయింట్లు, 200డి మార్క్ 2 వ్యూఫైండర్‌లో 9.

అపోహ: 4కె ఉంది కాబట్టి వీడియోకి 200డి మార్క్ 2

వీడియోకి అదే తీసుకోవాలి, కానీ 4కె కోసం కాదు. 4కె పెట్టగానే ఫ్రేమ్ బాగా దగ్గరికి లాగేస్తది, వంటల వీడియో తీస్తుంటే కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ 18 దగ్గర పెట్టినా వంటింట్లో స్టవ్ తప్ప ఇంకేం కనపడదు, పైగా డ్యూయల్ పిక్సెల్ అనే కెనాన్ వీడియో ఆటోఫోకస్ 4కెలో పని చెయ్యదు. మరి ఎందుకు తీసుకోవాలంటే ఫుల్ హెచ్‌డీలో ఆ డ్యూయల్ పిక్సెల్ చేసే పని కోసం. అమ్మ గరిటె కెమెరా ముందుకి తెచ్చి చూపించి మళ్లీ వెనక్కి తీసుకుంటే ఫోకస్ గరిటె మీదకి వచ్చి మళ్లీ మొహం మీదకి మెత్తగా వెళ్లిపోద్ది. డి5600 అక్కడ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటది, చూసేవాడికి చిరాకు. మైక్ జాక్ రెండిట్లోనూ ఉంది, కాలర్ మైక్ తగిలించుకోవచ్చు. కిందికి దిగి 1500డికో డి3500కో వెళ్తే ఆ జాకే ఉండదు, యూట్యూబ్ ప్లాన్ ఉన్నవాళ్లు ఇది చూస్కోండి.

అపోహ: డీఎస్ఎల్ఆర్ చచ్చిపోయింది, ఇప్పుడు కొంటే వేస్ట్

కొత్త మోడళ్లు రావట్లేదు, అది నిజం, కెనాన్ నికాన్ రెండిటి నుంచీ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ బాడీ రాలేదు. దానివల్లే కదా మనకి ఈ రేట్లకి దొరుకుతున్నాయి. రేపు మిర్రర్‌లెస్‌కి, అంటే లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాలకి, వెళ్లినా ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో కెనాన్ ఆర్ బాడీల మీద ఆటోఫోకస్ అవుతాయి, నికాన్‌లో మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి లెన్సులు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ బాడీల మీద అవుతాయి, పైన చెప్పిన డి లెన్స్ అక్కడ కూడా అవ్వదు.

అపోహ: షట్టర్ కౌంట్ తక్కువుంటే కొత్తదాని కింద లెక్క

షట్టర్ కౌంట్ అంటే ఆ కెమెరా ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు కొట్టిందనే లెక్క. నికాన్‌లో అది ఫొటో ఫైల్‌లోనే ఉంటది, తాజాగా తీసిన జేపెగ్ చూస్తే తెలిసిపోద్ది. కెనాన్‌లో మామూలుగా అలా ఉండదు, కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. అమ్మేవాడు ఫైల్ నంబర్ 0312 చూపించి 300 ఫొటోలే తీశానండీ అంటే నవ్వి ఊరుకోండి, 9999 దాటాక అది మళ్లీ 0001 నుంచే మొదలవుద్ది.

నేనైతే కౌంట్ కన్నా ముందు లెన్స్ చూస్తా. లెన్స్ విప్పి వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి, లోపల సాలెగూడు లాంటి సన్న దారాలు కనపడితే అది ఫంగస్. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో బ్యాగులో మూసిపెట్టి బీరువాలో పడేసిన లెన్సులకి ఇది మామూలే. కౌంట్ 5 వేలున్నా ఆ లెన్స్ వద్దు, 40 వేలు కొట్టినా రోజూ వాడిన కెమెరా నయం. తర్వాత ఎఫ్/16లో తెల్ల గోడ ఫొటో తీసి జూమ్ చెయ్యండి, నల్లచుక్కలుంటే సెన్సార్ మీద దుమ్ము, అది క్లీన్ చేయించుకోవచ్చు, రేటు తగ్గించమని అడగడానికి మాత్రం బాగా పనికొస్తది.

అపోహ: అమెరికా నుంచి బావ తెచ్చేది వేరే మోడల్, ఇంకా మంచిది

అక్కడ రెబెల్ ఎస్ఎల్3 అని ఉంటది, యూరప్‌లో 250డి అంటారు, లోపల ఉన్నది మన 200డి మార్క్ 2నే. వారంటీ ఇక్కడ చెల్లుద్దో లేదో బావని ముందే కనుక్కోమనండి. చేతికి రాగానే మెనూలోకి వెళ్లి వీడియో సిస్టమ్ ఎన్‌టీఎస్‌సీలో (అమెరికా పద్ధతి) ఉంటే పాల్‌కి (PAL, మన పద్ధతి) మార్చేయండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, షట్టర్ 1/50, లేకపోతే ఫంక్షన్ హాల్ ట్యూబ్‌లైట్ల కింద వీడియో అంతా చారలు పాకుతుంటాయి.