ఎముకల బిళ్ళ, గుండెల్లో మంట: అపోహలు - వాస్తవాలు

ఎముకలు గుల్లబారాయని మా డాక్టర్లం వారానికొక బిళ్ళ (అలెండ్రోనేట్) రాసిస్తాం. ఆర్నెల్లకు "వాడుతున్నారా అమ్మా?" అంటే తల ఊపుతారు. పక్కనున్న కోడలేమో "ఎక్కడండీ, గుండెల్లో మంటని రెండు వారాలకే ఆపేశారు" అంటుంది. నొప్పి బిళ్ళ ఆపితే మర్నాడే తెలుస్తుంది. ఇది ఆపితే తుంటి విరిగేదాకా ఏమీ తెలియదు. అందుకే మంటదే పైచేయి.

అపోహ: ఈ బిళ్ళ నా ఒంటికి పడదు.

వాస్తవం: చాలాసార్లు తేడా మింగిన తీరులోనే. అలెండ్రోనేట్ బిళ్ళ అన్నవాహికకు (గొంతు నుంచి పొట్టకు వెళ్ళే గొట్టానికి) అంటుకుంటే అక్కడి పొర పుండు పడుతుంది. ఒక గుక్క నీళ్ళతో మింగి మళ్ళీ నడుం వాల్చేవాళ్ళకు జరిగేది అదే. లేవగానే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో, నమలకుండా మింగాలి. తర్వాత అరగంట కూర్చోవాలి, లేదా అటూ ఇటూ తిరగాలి. ఇదే కోవకు చెందిన, నెలకోసారి వేసే ఐబాండ్రోనేట్‌కైతే గంట. మందు లేని ఉత్తుత్తి బిళ్ళతో పోల్చి చేసిన పెద్ద పరీక్షల్లో పొట్ట ఫిర్యాదులు రెండు వర్గాల్లోనూ ఇంచుమించు ఒకేలా కనిపించాయి. అయితే అక్కడ మింగే పద్ధతి నేర్పి పంపుతారు. మేమేమో చీటీ మీద "వారానికి 1" అని గీకి పంపేస్తాం. తప్పు మాదీ ఉంది.

అపోహ: టిఫిన్ తిన్నాక వేసుకుంటే మంట ఉండదు.

వాస్తవం: మందూ ఉండదు. పరగడుపున మింగినా ఒంటికి పట్టేది నూటికి ఒక పాలు కూడా కాదు. కాఫీతో మింగితే అందులోనూ సగానికి పైగా పోతుంది. పాలు, క్యాల్షియం బిళ్ళ, గ్యాస్ సిరప్ కూడా ఆ అరగంట దాటాకే.

అపోహ: మలబద్ధకం కూడా దీనివల్లే.

వాస్తవం: ముందు క్యాల్షియం బిళ్ళను, అందులోని క్యాల్షియం కార్బొనేట్‌ను అనుమానించండి. క్యాల్షియం సిట్రేట్‌కు మారిస్తే కొందరికి తేలికపడుతుంది. ఇక గుండెల్లో మంటకు, మోకాళ్ళ కోసం మింగే నొప్పి బిళ్ళ డైక్లోఫెనాక్ కారణమేమో కూడా చూడాలి. ఆ సంగతి అడిగితే తప్ప చెప్పరు.

అపోహ: బిళ్ళ పడకపోతే ఇక వైద్యం లేదు.

వాస్తవం: జోలెడ్రోనిక్ ఆమ్లం 5 మి.గ్రా. ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. పొట్టతో పని లేదు. కిడ్నీ పరీక్ష మాత్రం ముందే చేయించాలి. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు. ఆర్నెల్లకోసారి చర్మం కింద వేసే డెనోసుమాబ్ కూడా ఉంది. కానీ దాన్ని మధ్యలో మానేస్తే వెన్నుపూసలు విరిగే ముప్పుంది. బిళ్ళలు ఎగ్గొట్టే అలవాటున్నవాళ్ళకు అది రాయాలంటే నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

మింగుతుంటే నొప్పి, ముద్ద అడ్డుపడటం, నల్లటి విరేచనం కనిపిస్తే మాత్రం బిళ్ళ ఆపి వెంటనే రండి. అరగంట నిటారుగా కూర్చోలేనివాళ్ళకు, అన్నవాహిక సన్నబడినవాళ్ళకు ఇది అసలే వద్దు. వారం బిళ్ళ మర్చిపోతే గుర్తొచ్చిన మర్నాడు పొద్దున వేసుకోండి. ఒకే రోజు రెండు వేయకండి.