నాయనమ్మ అలిసిపోయేది కాదా?

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామమున తాతయ్య వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

ఈస్టరు ముందురోజు సమాధుల తోటలో సున్నం వేస్తుంటే బుజ్జి ఒక ప్రశ్న వేసింది. "ఇంటి పని, గుడి పని, మళ్ళీ ఆసుపత్రి పని కూడా చేసేదంటున్నావు కదా తాతయ్యా, మీ నాయనమ్మ అలిసిపోయేది కాదా?" అని. నెత్తిన ఎండ, చేతిలో సున్నపు డబ్బా. ఇంటికెళ్ళాక చెబుతానన్నాను, ఈలోగా మీ బస్సు వేళైంది. ఆవిడ నాకు నాయనమ్మ. మీకేమవుతుందో లెక్కగట్టే పని మీ నాన్నకి వదిలేస్తున్నాను.

మీరు దాలి చూసి ఉండరు. పెరట్లో గుంట తవ్వి, చుట్టూ మట్టితో మెత్తి, పిడకలు పేర్చి నిప్పు రాజేసి, పైన ఊక కప్పేవాళ్ళు. దానిమీద పాలకుండ. పొద్దున పెడితే సాయంత్రం దాకా అక్కడే. మంట కనపడదు, ఎవరూ కూర్చుని ఊదక్కర్లేదు. దీపాలు పెట్టే వేళకి పాలు ఎర్రగా కాగి, పైన మందంగా మీగడ కట్టేది. అడుగున అంటుకున్న గోకుడు కోసం మా పిల్లమూకకి వంతులుండేవి. నాయనమ్మ ఆల్చిప్పతో గీకి, ఎవరి వంతైతే వాళ్ళ అరచేతిలో పెట్టేది. కాస్త మాడు వాసన, కాస్త తీపి. ఆ రుచి ఇప్పుడు ఏ స్వీటు షాపులోనూ దొరకదు. సరే, ఇది గోకుడు గురించిన ఉత్తరం కాదు.

నాయనమ్మ కూడా దాలి లాంటిదే. ఆవిడ పరిగెత్తగా నేను చూడలేదు. ఇల్లు పాలకుండ అనుకోండి. మా తాత కోపం, బాబాయిల పొలం తగువులు, అన్నీ అందులో కాగేవే కానీ పొంగేవి కావు. పిడకలు ఆవిడ ప్రార్థన. తెల్లారుజామున నాలుగింటికి లేచి, మా పేర్లన్నీ వరసగా చదివేది. దూడ పేరు కూడా. కుండమీద మూత ఆవిడ నోరు, ఎవరి గుట్టూ దాటేది కాదు. మరి ఊక ఏమిటంటారా? అది నాకింకా తట్టలేదు. భగ్గున మండి చల్లారే పని కన్నా రోజూ కాస్త కాస్త సాగే పనే నిలుస్తుంది పిల్లలూ. మీకే చెబుతున్నా, మీ నాన్నకి చెప్పి లాభం లేదు.

మాది 1842లో హయ్యర్ దొర అనే మిషనరీ గుంటూరు వచ్చాక మొదలైన లూథరన్ క్రైస్తవ సంఘం. ఊళ్ళో గుడి చిన్నదే. శనివారం సాయంత్రం నాయనమ్మ అది ఊడ్చి, చాపలు దులిపి పరిచేది. వేపకొమ్మకి వేలాడగట్టిన రైలుపట్టా ముక్కే మా గంట, కొట్టడం నా పని. ఆవిడకి చదువు రాదు. అయినా కీర్తనల పుస్తకం తెరిచి పట్టుకునే పాడేది, ఒక్కోసారి తలకిందులుగా. చరణం మాత్రం ఒక్కటీ తప్పేది కాదు.

వంటకి బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి గూట్లో డబ్బాలో పోసేది. అది దేవుడి బియ్యం. తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఆడవాళ్ళు అలా తీసిపెట్టి, ఆదివారం గుడికి తెచ్చేవాళ్ళు. ఇచ్చింది ఎవరికీ కనపడదు, తగ్గింది ఇంట్లోవాళ్ళకి తెలియదు. పిడికెడంటే సుమారు 50 గ్రాములు. రెండు పూటలా తీస్తే నెలకి 3 కిలోలు, ఏడాదికి 36 కిలోల పైమాట! ఇల్లిల్లూ తిరిగి బైబిలు చెప్పే బైబిలు స్త్రీల జీతాలకీ, బీదవాళ్ళ సాయానికీ అవి అక్కరకొచ్చేవి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమ కొట్టుకుపోయి వేలమంది చనిపోయినప్పుడు, నాయనమ్మకి లేచి తిరిగే ఓపిక లేదు. మంచంమీద నుంచే డబ్బా తెమ్మని, బోర్లించి తట్టి మరీ ఆఖరి గింజ దాకా మా స్త్రీల సమాజం వాళ్ళ మూటలో పోయించింది.

ఇక ఆసుపత్రి. అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. మగ డాక్టరుకి చెయ్యి చూపించడానికి ఆడవాళ్ళు జంకే రోజులు. 1898లో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచింది, 1930లో పోయేదాకా గుంటూరునే నమ్ముకుంది. కాన్పు కష్టమైతే రాత్రికి రాత్రి బండి కట్టి నాయనమ్మని అక్కడికే తీసుకెళ్ళారట. మా నాన్న పుట్టింది అలాగే. అది మనసులో పెట్టుకుందేమో, వీలైనప్పుడల్లా బస్సెక్కి కుగ్లర్ ఆసుపత్రికి వెళ్ళేది. సంచిలో కొబ్బరినూనె సీసా, పేలదువ్వెన, గిన్నెలో జావ. తోడెవరూ లేని బాలింత మంచం పక్కన చేరి తల దువ్వేది. చిక్కుని కొసల్నుంచి కొంచెం కొంచెంగా విప్పుతూ పైకొచ్చేది, కుదుళ్ళు లాగకుండా ఎడమచేత్తో జుట్టు గట్టిగా పట్టుకుని. ఏ ఊరు, ఏ కులం అని అడిగేది కాదు. నొప్పెడుతోందా అని మాత్రం అడిగేది.

బుజ్జీ, అలిసిపోయేదమ్మా. ఎందుకు అలిసిపోదు! రాత్రి చాపమీద వాలి, "ఒరే, కాళ్ళు కాస్త తొక్కరా" అనేది. నేను గోడ పట్టుకుని పిక్కలమీద నడిచేవాణ్ణి. రెండు అడుగులు వేసేసరికి నిద్రపోయేది. మళ్ళీ నాలుగింటికి ఎలా లేచేదో, ఇప్పుడు ఆవిడ వయసుకొచ్చినా నాకు అంతుపట్టలేదు.

ఒక పని చెయ్యండి. రేపు అమ్మ బియ్యం కడగబోయే ముందు తలా ఒక పిడికెడు తీసి, వంటింటి త్రాసుమీద విడివిడిగా తూచండి. బుజ్జి పిడికిలెంత, అన్నయ్యదెంత, నాన్నదెంత. వేళ్ళ సందుల్లోంచి ఎవరికి ఎక్కువ జారిపోతోందో కూడా చూడండి. లెక్కలన్నీ నాకు రాయండి, ఫోనులో చెప్పొద్దు.

మీ తాతయ్య