రెండు పాటల మధ్య అతుకు ఎలా వినాలి

చిరంజీవులకు ఆశీస్సులు.

గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీలో ఒక పాట ఎప్పుడు అయిపోయిందో, రెండోది ఎప్పుడు అందుకున్నారో పట్టుకోవడం మొదట్లో ఎవరికైనా కష్టమే. 1965లో కాలిఫోర్నియాలో పుట్టిన ఈ రాక్ బృందం 1995 దాకా పాడింది. పాటల జాబితా రాసేటప్పుడు వీళ్ల అభిమానులు రెండు పేర్ల మధ్య ఒక బాణం గుర్తు పెడతారు. మధ్యలో ఆగలేదని దానర్థం. నన్నడిగితే ఆ బాణం ఉన్నచోటే అసలు కచేరీ ఉంది.

వినే ముందు మీ ఫోన్లో మూడు పనులు చేయండి. పాటల వరస కలిపేసే షఫుల్ తీసేయండి. ఒక పాట చివరను ఇంకో పాట మొదటితో కలిపేసే క్రాస్‌ఫేడ్‌ను సున్నాకి దించండి, లేకపోతే వాళ్లు వేయని అతుకును ఫోనే వేసి పెడుతుంది. పాటకీ పాటకీ మధ్య ఖాళీ రాకుండా చేసే గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. ఇంకో సంగతి. రెండో పాట పేరు తెర మీద కనబడేదాకా ఆగకండి. పాటల్ని విడదీసే ఆ గీత ఆల్బమ్ చేసినవాళ్లు తమ వీలుకోసం గీసింది. అతుకు అంతకు ముందే మొదలైపోతుంది.

మొదట 1977 మే 8 కచేరీ తీయండి. న్యూయార్క్ రాష్ట్రం ఇథాకాలో, కోర్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్లో జరిగింది. 2017లో అధికారికంగా విడుదలైంది. రెండో సెట్, అంటే కచేరీ రెండో భాగం, మొదట్లోనే 'స్కార్లెట్ బిగోనియాస్' నుంచి 'ఫైర్ ఆన్ ద మౌంటెన్'లోకి వెళతారు. రెండూ కలిపి సుమారు 25 నిమిషాలు.

స్కార్లెట్ నడకలో గెంతు ఉంటుంది. ఫైర్ బరువుగా, ఊగుతూ నడుస్తుంది. అయినా అతుకు కనబడదు, ఎందుకని? పాడటం అయ్యాక స్కార్లెట్ పాశ్చాత్యులు బి అనే స్వరం మీద కుదురుకుంటుంది. బిని షడ్జం అనుకుంటే మన హరికాంభోజి స్వరాలే. ఫైర్‌కీ అదే షడ్జం, అవే స్వరాలు. పాట మొత్తానికీ ఉన్నవి రెండే కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుత్తులు), బి, ఏ. మన రాగమాలికలో శ్రుతి నిలిచి ఉంటుంది, రాగం మారుతుంది. ఇక్కడ శ్రుతీ మారదు, స్వరాలూ మారవు. మారేదల్లా నడకే.

అందుకే గిటార్ వెంట పడకండి, ఫిల్ లెష్ వాయించే బేస్ (మంద్రంగా పలికే గిటార్) మీద చెవి పెట్టండి. గిటార్ మీద జెర్రీ గార్సియా ఇంకా స్కార్లెట్ అల్లుతుండగానే కింద బేస్ పలుకు ఫైర్ వైపు తిరుగుతుంది. కాసేపు పైన ఒక పాట, కింద ఇంకో పాట. ఫైర్‌లోకి వచ్చాక గార్సియా గిటార్ నోరు తెరిచి మూసినట్టు 'వావ్, వావ్' అంటుంది. అది మ్యూ-ట్రాన్ అనే పెడల్ (గిటార్ ధ్వనిని మార్చే పెట్టె) పని. తీగను గట్టిగా మీటితే లోపలి ఫిల్టర్ ఎక్కువ తెరుచుకుంటుంది, మెల్లగా మీటితే తక్కువ. గిటార్ వాల్యూమ్ తగ్గించి వాయిస్తే అసలు తెరుచుకోదు. పెడల్ కొని, పలకడం లేదని తిట్టుకునేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే.

అన్నట్టు, ఫైర్ బాణీకి మన తబలాతో చుట్టరికం ఉంది. డ్రమ్మర్ మిక్కీ హార్ట్ ఉస్తాద్ అల్లారఖా దగ్గర నేర్చుకున్నాడు. ఆయన కొడుకు జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లో 'దిగా' అనే ఆల్బమ్ చేశాడు. ఈ బాణీ మాటలు లేకుండా అందులో ముందే ఉంది.

మీరే వాయించి చూడాలంటే గిటార్‌కి రెండో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే బిగింపు) బిగించండి. ఏ, జి కార్డ్‌ల వేళ్ల ఆకారాలు పట్టుకుంటే బి, ఏ పలుకుతాయి. మొదటి పాట నిమిషానికి 100 దెబ్బలు, రెండోది 92 అనుకోండి. ఆ ఎనిమిదీ ఒక్కసారిగా దించితే బండికి బ్రేకు వేసినట్టుంటుంది. నాలుగేసి దెబ్బల ఆవర్తాలు 16 తీసుకుని, ఒక్కో ఆవర్తానికి అర చొప్పున తగ్గించండి. మొత్తం 40 సెకన్లు పడుతుంది. ముందు బేస్ మారాలి, తర్వాత డ్రమ్స్, ఆఖరున గిటార్. అందరూ ఒకేసారి మారితే అది ఒక పాట ఆపి ఇంకోటి మొదలుపెట్టడమే. ఇంకో ప్రమాదం, రెండే కార్డ్‌లు కదా, కాసేపటికి ఏది ముందో మరిచిపోతారు. ఒకరు బి దగ్గర, ఒకరు ఏ దగ్గర సమం (చుట్టు మొదలయ్యే దెబ్బ) అనుకుంటారు. బేస్ వాయించేవాడు ప్రతి సమం మీదా బిని గట్టిగా మోపితే ఈ గొడవ రాదు.

'చైనా క్యాట్ సన్‌ఫ్లవర్' నుంచి 'ఐ నో యు రైడర్'కి వెళ్లే దారి వేరు. ఇక్కడ శ్రుతే జి నుంచి డికి, అంటే పంచమానికి మారుతుంది. 1972 యూరప్ పర్యటన ఆల్బమ్‌లో వినండి. జి అంటే ఇల్లు అన్న భావన మెల్లగా సడలి, డి మీద వాలాలని మనకే అనిపిస్తుంది. ఆ కోరిక పుట్టకముందే మారితే తప్పు వాయించినట్టు ఉంటుంది. నా ఓటు దీనికే, కోర్నెల్ అభిమానులు ఏమన్నా సరే.

'స్లిప్‌నాట్' సంగతి వేరు. 'హెల్ప్ ఆన్ ద వే'కి, 'ఫ్రాంక్లిన్స్ టవర్'కి మధ్య కట్టిన వంతెన అది. చివర అందరూ కలిసి వాయించాల్సిన ముక్కలు ముందే కూర్చి పెట్టుకున్నవి. సాధన తప్పితే అక్కడే దొరికిపోతారు.

ఇవన్నీ అయ్యాక 1969 నాటి 'లైవ్ డెడ్' పెట్టుకోండి. 'సెయింట్ స్టీఫెన్' నుంచి 'ది ఎలెవెన్'లోకి వెళ్లేటప్పుడు చప్పట్లతో లెక్క పెట్టండి. మూడు, మూడు, మూడు, రెండు, మొత్తం 11. మిశ్రజాతి త్రిపుటలోనూ 11 అక్షరాలే గానీ అక్కడ విరుపు ఏడు, రెండు, రెండు. చివరి రెండు అయ్యాక చెయ్యి ఇంకో దెబ్బకి లేస్తుంది. దాన్ని లేవనీయకండి.

ఇట్లు,
మీ పెదనాన్న