సైకిల్ దారిలో గుంత ఎవరిది?

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు పంపిన ఫోటో ప్రింట్ తీయించి వంటింటి గోడకు అంటించాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సోలార్ పలకల నీడలో సైకిళ్లు పట్టుకుని నిలబడ్డారు చూడండి, అది. 2023 అక్టోబరులో ఆ ట్రాక్ తెరిచారని, 23 కిలోమీటర్ల దారిలో చాలా మేర నెత్తిన ఎండ పడకుండా తొక్కొచ్చని విన్నప్పుడు, నేను హైదరాబాద్‌లో సైకిల్ తొక్కిన రోజుల్లో ఇది ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. ఫోటోతో పాటు చిన్నది ఒక ప్రశ్న పంపింది: “తాతయ్యా, ట్రాక్‌లో గుంత పడితే ఎవరికి చెప్పాలి?” ఫోన్‌లో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఇక్కడ ఇంగ్లండ్‌లో, మా ఇంటి దగ్గర సైకిల్ లేన్‌లో నేను పడ్డాను. మురుగు కాలువ మీద ఇనప జాలీని తిప్పి బిగించారు. ఊచలు రోడ్డుకు అడ్డంగా ఉండాల్సింది పోయి, సైకిల్ వెళ్లే దిశలోనే ఉన్నాయి. ముందు చక్రం ఆ సందులో దిగిపోయింది. మణికట్టు వాచి నెల రోజులు బాధపెట్టింది. ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆ రోడ్డు మాది కాదన్నారు. ఇంకో ఆఫీసు వాళ్లు “ఏ జాలీ? సరిగ్గా ఎక్కడ?” అని అడిగారు. చర్చి దాటాక మలుపు దగ్గర అన్నాను. అక్కడ మూడు మలుపులున్నాయి.

పక్కింట్లో ఉండే కాలేజీ అమ్మాయి నా ఫోన్‌లోనే ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వెబ్ యాప్ తెరిచింది. మైసొసైటీ అనే సంస్థ 2007లో దాన్ని మొదలుపెట్టింది. అప్పుడు పేరు నైబర్‌హుడ్ ఫిక్స్-ఇట్. ముందుగా ఖాతా తెరవాల్సిన పని లేదు. పోస్ట్‌కోడ్ కొడితే మ్యాప్ వస్తుంది. జాలీ ఉన్న చోట వేలు పెడితే అక్కడ గుర్తు పడుతుంది. రకం ఎంచుకుని, నాలుగు మాటలు రాసి, ఫోటో పెట్టి, ఈమెయిల్‌లో వచ్చిన లింకు నొక్కితే ఫిర్యాదు వెళ్లిపోతుంది. పేరు పైకి కనిపించకుండా దాచుకోవచ్చు. అంతకుముందే ఎవరైనా ఆ చుట్టుపక్కల ఏం చెప్పారో కూడా మ్యాప్ మీద కనిపిస్తుంది. నేను పడ్డ జాలీ గురించి ఎవరూ చెప్పలేదు. అది చూసి నాకు బాధేసింది. రోజూ ఎంతమంది దాని మీదుగా వెళ్తున్నారో కదా!

నాకు బాగా నచ్చింది దాని తర్వాత జరిగేది. ఫిర్యాదు ఏ ఆఫీసుకు వెళ్లాలో నేను చెప్పలేదు, యాప్ తేల్చింది. ఇక్కడ చాలా ప్రాంతాల్లో రెండు అంచెల పాలన ఉంటుంది. రోడ్డు మీద గుంత పడితే కౌంటీ కౌన్సిల్ చూడాలి. అదే రోడ్డు మీద గాజు పెంకులు ఊడ్చే పని మాత్రం డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌ది. మామూలు మనిషి ఇదంతా గుర్తు పెట్టుకుని ఫోన్ చేయాలంటే ఎలా? యాప్ దగ్గర అన్ని సరిహద్దులూ ఉంటాయి. మనం పెట్టిన గుర్తు ఏ సరిహద్దు లోపల పడిందో చూసి, సమస్య రకాన్ని బట్టి పంపుతుంది.

లోపల పడిందో బయట పడిందో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? దానికి ఒక పాత పద్ధతి ఉంది, మీరు ఇప్పుడే చేసి చూడొచ్చు. కాగితం మీద వంకరటింకరగా ఒక చెరువు గట్టు గీయండి. ఎక్కడైనా చుక్క పెట్టి, అక్కడి నుంచి కాగితం అంచు దాకా తిన్నగా గీత లాగండి. గీత గట్టును ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టండి. బేసి సంఖ్య వస్తే చుక్క చెరువులో ఉంది, సరి సంఖ్య వస్తే ఒడ్డున ఉంది. గట్టు దాటిన ప్రతిసారీ లోపలి నుంచి బయటికో, బయటి నుంచి లోపలికో మారతాం, చివరికి తేలేది మాత్రం బయటే. అందుకే గట్టు ఎన్ని వంపులు తిరిగినా లెక్క తప్పదు.

ఏం రాస్తామన్నది కూడా ముఖ్యం. “రోడ్డు ఘోరంగా ఉంది” అని రాస్తే బాగుచేసే మనిషి ఏ పనిముట్లు తెచ్చుకోవాలి? నేను ఇలా రాశాను: “ఊళ్లోకి వచ్చే వైపు సైకిల్ లేన్. జాలీ ఊచలు సైకిల్ వెళ్లే దిశలో ఉన్నాయి. చక్రం దిగేంత సందు ఉంది. తిప్పి బిగిస్తే చాలు.” ఫోటో తీసేటప్పుడు మాత్రం సైకిల్ దిగి, లేన్ బయటికి వచ్చి నిలబడండి. వెనక వచ్చేవాళ్లకు మీరే అడ్డం కాకూడదు. ప్రాణం మీదికి వచ్చే ప్రమాదమైతే యాప్ పనికిరాదు, వెంటనే ఫోన్ చేయాలి.

నాలుగు వారాలకు యాప్ నుంచి ఈమెయిల్ వచ్చింది, బాగైందా అని. ఇంకా లేదని నొక్కాను. మరుసటి వారం చూస్తే జాలీని సరైన దిశకు తిప్పి బిగించారు. ప్రతిదీ ఇలా తీరిపోదు. లేన్ మీదికి పెరిగిన ముళ్ల కంచె గురించి నేను పెట్టినది నెలల తరబడి అలాగే ఉండిపోయింది. కానీ అది తేదీతో సహా అందరికీ కనిపిస్తూనే ఉంది. ఫోన్‌లో చెప్పిన మాటకు ఆ బలం ఉండదు. ఇక్కడి 1980 హైవేస్ చట్టంలో 58వ సెక్షన్ ఉంది. రోడ్డు సరిగా లేక ఎవరైనా దెబ్బ తగిలించుకుని పరిహారం అడిగితే, ఆ ప్రమాదం సంగతి అధికారులకు ముందే తెలుసా, తెలిసి ఉండాల్సిందా అన్నది కోర్టు చూస్తుంది. ఎవరూ చెప్పలేదు అనడానికి ఆ పేజీ ఉన్నంతకాలం వీల్లేదు.

రోడ్ల కోసం సైకిల్ వాళ్లు పోరాడటం ఈ దేశంలో కొత్త కాదు. కార్లు రాకముందే, 1880ల్లోనే, మంచి రోడ్లు కావాలని వాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు.

మీకు ఇంత వివరంగా రాయడానికి అసలు కారణం ఇంకొకటి. ఈ యాప్ కోడ్ అందరికీ తెరిచి ఉంది. ఎవరైనా తీసుకుని తమ ఊరికి పెట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఒక షరతు ఉంది: మార్చి పదిమందికి నడిపితే, మార్చిన కోడ్ కూడా వాళ్లకు చూపించాలి. వాకిట్లో ముగ్గు లాంటిదన్నమాట. చుక్కలు లెక్కపెట్టుకుని ఎదురింటివాళ్లు వేసుకోవచ్చు, వాళ్లు చేర్చిన మెలిక మళ్లీ మనం చూడొచ్చు. ఇదే కోడ్‌తో నార్వే వాళ్లు 2011లో ఫిక్స్‌గాటామి మొదలుపెట్టారు, జ్యూరిక్ నగరం 2013లో తనదంటూ ఒకటి తెరిచింది. 2014లో సైకిల్ ప్రమాదాలు, తృటిలో తప్పిన ప్రమాదాలు నమోదు చేయడానికి కొలైడోస్కోప్ అని ఇంకొకటి కట్టారు.

చిన్నదాని ప్రశ్నకు వస్తాను. మీ ట్రాక్ కట్టించింది హెచ్ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ. మీ వీధి రోడ్డు మునిసిపల్ కార్పొరేషన్‌ది. అంటే ఇంటి నుంచి ట్రాక్ దాకా తొక్కేలోపే రెండు సరిహద్దులు, రెండు ఆఫీసులు. ఈ కోడ్‌ను మన ఊరికి పెట్టాలంటే ముందు ఎక్కడ ఎవరిది అన్న గీతలు మ్యాప్ మీద గీయాలి. రెండో పని మాటలు. తెర మీద కనిపించే వాక్యాలన్నీ ఈ యాప్‌లో వేరే ఫైల్‌గా ఉంటాయి కాబట్టి తెలుగులో పెట్టుకోవచ్చు. నేను రాత్రిపూట కూర్చుని మొదలుపెట్టాను, ‘పాట్‌హోల్’ దగ్గరే ఆగిపోయాను. గుంత అనాలా, గొయ్యి అనాలా? గతుకులు అంటే వేరే కదా, అవి వరసగా ఉంటాయి, ఒక్కచోట గుర్తు పెడితే సరిపోదు.

ఈ ఆదివారం ట్రాక్‌కు వెళ్లినప్పుడు దారి పొడవునా ఏమేం కనిపించాయో, వాటిని మీరూ మీ స్నేహితులూ ఏమని పిలుస్తారో రాసుకుని రండి. సాయంత్రం వీడియో కాల్‌లో ఆ మాటలు నాకు చదివి వినిపించండి, నేను ఇక్కడ ఎక్కిస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య