నానమ్మకి ఒక మాత్ర ఎందుకు తగ్గింది?

పిల్లలూ,

మీలో ఒక పాప అడిగింది: "తాతయ్యా, నాన్నకీ నానమ్మకీ అదే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. నాన్నకి రోజుకి మూడు, నానమ్మకి రెండే. మరి ఆవిడకి జబ్బు ఎలా తగ్గుతుంది?" నానమ్మకి కిడ్నీలు బాగా బలహీనమని కూడా కింద రాసింది. జవాబు అక్కడే ఉందమ్మా.

మొక్కలకి నీళ్లు వెళ్లే తొట్టి అనుకోండి. పైన పంపు, అడుగున తూము. మందు మింగడం పంపు, కిడ్నీ తూము. ఇటు వచ్చింది అటు పోతుంటే మట్టం ఒకచోట నిలుస్తుంది. జబ్బుతో పోరాడేది ఆ మట్టమే. తూము సన్నబడితే అదే ధారకి తొట్టి పొంగుతుంది. అందుకే డాక్టరు నానమ్మ పంపు కాస్త కట్టారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఇంట్లో అలాంటి తొట్టి ఉండేది. ఓ రోజు పంపు తిప్పి ఆటలో పడ్డాను. వచ్చేసరికి నీళ్లు గడపదాకా! తూములో చెయ్యి పెడితే కుళ్లిన ఆకుల ముద్ద, నల్లగా, జారుడుగా చేతికొచ్చింది. "రోజూ తిప్పినట్టే తిప్పానుగా" అని వాదించాను. వీపు మోగింది. తూము చూడకుండా పంపు తిప్పడమే నా తప్పు.

ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఇంకా గడుసువి. కిడ్నీకి చేరే రక్తాన్నే తగ్గించగలవు, అంటే బలహీనమైన తూములోకి ఇంకో ఆకు తోస్తాయన్నమాట. నాన్న దగ్గర మిగిలిన మాత్ర ప్రేమగా నానమ్మకి ఇచ్చేయకూడదు, సరేనా?

మీది చిన్న తొట్టి. మీ మందుని మీ బరువుని బట్టి, సిరప్‌తో వచ్చిన గిన్నెతో కొలవాలి, వంటింటి చెంచాతో కాదు. అయితే ఆస్పిరిన్ దగ్గర నా తొట్టి పనికిరాదు. పిల్లల జ్వరానికి అది కొంచెం కూడా ఇవ్వరు. రేయ్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు వచ్చి మెదడునీ లివర్‌నీ దెబ్బతీయొచ్చు.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత గొట్టాలు! రెండూ కలిసి రోజుకి 180 లీటర్లు వడకట్టి, దాదాపు అంతా మళ్లీ రక్తంలోకే పంపేస్తాయి. బయటికి పోయేది ఒకటి రెండు లీటర్లే. అదెలాగో చెప్పడం నా తరం కాదు, తలుచుకుంటే నోరు తెరుచుకుంటుంది.

నానమ్మ రక్తపరీక్ష కాగితాల్లో క్రియాటినిన్ అనే వరస వెతకండి. అది కండరాల్లో రోజూ పుట్టే చెత్త. తూము సన్నబడేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. కాగితాలన్నీ తేదీల వారీగా నేలమీద పరిచి, పక్కనే మందుల చీటీలు పెట్టి చూడండి.

మీ తాతయ్య